సవరణ: యాంకిల్ బ్రేస్ గురించి మొన్న రాసింది

యాంకిల్ బ్రేస్ (చీలమండకి ఆసరాగా తొడిగేది) ఏదైనా సరే వేసుకుంటే మొదటి అడుగులో తూలడం తగ్గుతుందని మొన్న రాసేశాను, అది తప్పు, సారీ అండి. నిలబడ్డ మనిషి కాలు ఎత్తేముందే పిక్క కాస్త వదులై కాలి ముందువైపు కండరం బిగుస్తుంది, దాంతో పాదం కింద బరువు మడమ వైపు జరిగి ఒళ్ళు ముందుకి వాలుతుంది, గట్టి ప్లాస్టిక్ బ్రేస్ చీలమండని కదలనివ్వకపోతే ఇది సరిగ్గా జరగదు. అలాంటి బ్రేస్ వేసుకునే మా అమ్మ కుర్చీలోంచి లేచి గుమ్మం పట్టుకుని రెండుసార్లు ఊగితే గానీ అడుగు పడదు, నేనేమో భయం అనుకున్నా. బెణుకులకి వాడే లేసుల బ్రేస్ వేరు, అది ముఖ్యంగా పాదం లోపలికి మడతపడకుండా ఆపుతుంది. అలాగని పక్షవాతం వచ్చి పాదం వేలాడేవాళ్ళు దయచేసి బ్రేస్ తీసేయకండి, నడిచేటప్పుడు వేళ్ళు నేలకి తట్టుకోకుండా కాపాడేది అదే, ఫిజియో ముందు లేచి మొదటి అడుగు వేసి చూపించండి.