సొంత గని గారికి

మహారాజశ్రీ సొంత ఇనుప గని గారికి, విశాఖ ఉక్కు ప్లాంటు కూర్మన్నపాలెం గేటు నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనాలి గానీ తమరింకా పుట్టనే లేదు కనుక సగం కుశలంతో సరిపెడుతున్నాను.

తప్పు కొంత మాదేనండీ. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్నప్పుడు ప్రాస భలే కుదిరింది. గనికి ‘పని’ కుదిరేది, ఎవరికీ తట్టలేదు. 32 మంది ప్రాణాలు పోయాక 1970 ఏప్రిల్లో ఇందిరమ్మ పార్లమెంటులో సరేనన్నారు. మరుసటేడు జనవరిలో శంకుస్థాపన. ‘గోదావరి’ అనే మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకునేసరికి 1990. ఆ తర్వాత ‘కృష్ణ’, మరి కొన్నేళ్లకు ‘అన్నపూర్ణ’. పేరుకు అన్నపూర్ణే గానీ, నాటి నుంచీ కొట్లో బియ్యం కొనుక్కునే వండుతోంది.

తమ చుట్టాలు మాకు తెలియనివాళ్లేం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం కొత్తవలస–కిరండూల్ లైను ప్లాంటు కంటే ముందే వేశారు. అరకు సొరంగాలు దాటి, విశాఖ రేవులో ఓడెక్కి, జపాను వెళ్లేవారు. మా గుమ్మం ముందు నుంచే! దిగి మంచినీళ్లయినా తాగి వెళ్లండని అడిగితే, మార్కెట్ రేటు చెప్పారు.

తమ మీద ఆశ చావక 2011లో ఒడిశాలో గనులున్న కంపెనీలో వాటా కూడా కొన్నాం. తీరా చూస్తే లీజుల చిక్కుతో ఆ గనులు మూతపడి ఉన్నాయి. పాడిగేదె అని తోలుకొస్తే వట్టిపోయిన గేదె.

2021 జనవరిలో నూటికి నూరు శాతం అమ్మేద్దామన్నారు. ఏప్రిల్లో కరోనా ముదిరింది. మహారాష్ట్రకు మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ నింపుకున్నది ఇక్కడే. అమ్మకం బోర్డు కట్టిన ఇంట్లోంచే వేరే రాష్ట్రానికి ఊపిరి వెళ్లింది. బోర్డు మాత్రం అలాగే ఉంది.

చివరికి 2025 జనవరిలో పునరుద్ధరణ ప్యాకేజీ వచ్చింది. 11,440 కోట్లు! అందులో 10,300 కోట్లు వాటా ధనం. మిగతా 1,140 కోట్లు పాత అప్పే, కొత్త చీర కట్టి ప్రిఫరెన్స్ షేరు అని పిలిచారు. నేనూ స్వీటు తిన్నాను, అబద్ధమెందుకు. నోట్లో తీపి పోకముందే వీఆర్ఎస్ అన్నారు, కాంట్రాక్టు కార్మికులను తగ్గించారు. ప్యాకేజీని పైనుంచి కింద దాకా రెండుసార్లు చదివాను. తమ పేరు కనబడలేదు. పథ్యం చెప్పకుండా మందు రాసే వైద్యుణ్ణి చూశాం గానీ, అన్నం పెట్టకుండా బలం టానిక్కు పట్టించేవాణ్ణి ఇదే చూడడం.

ఇక్కడ భూములిచ్చిన ఊళ్లవాళ్లు కొందరు నిర్వాసితులకిచ్చిన ఆర్-కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఇంకా ఎదురుచూస్తున్నారు. ప్లాంటేమో తమ కోసం. గేటుకి అటొకరు, ఇటొకరు. మంచి కాలక్షేపం.

కిరండూల్ నుంచి ప్యాసింజర్ ఉంది. టికెట్టు మేమే తీస్తాం. కిటికీ పక్క సీటు కావాలంటే ముందుగా ఉత్తరం ముక్క రాయండి.

ఇట్లు,
తమ రాక కోసం చూస్తున్న
ఓ గాజువాకవాడు