కొండ వెనుక ఇళ్లు లెక్కలోకి రావా?

ప్రసార పరిధి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక శాతం చూపించి తృప్తి పడటం ప్రసార సంస్థలకు అలవాటైపోయింది. జనాభాలో 98 శాతానికి సంకేతం అందుతోందంటే వినడానికి నిండుగానే ఉంటుంది. అయితే ఆ మిగిలిన రెండు శాతం అన్నిచోట్లా పలచగా పరుచుకుని ఉండరు. లోయల్లో, కొండల వెనుక, ఊళ్లకు ఊళ్లుగా ఉంటారు. ఆ ఊళ్లలో అందుబాటు 98 శాతం కాదు, సున్నా. అలాంటి చోట్లకు ప్రసారాన్ని మోసుకెళ్లే రిలే ట్రాన్స్‌మిటర్లను నిధులు మిగిలితే చూద్దామనే పనుల జాబితాలోకి నెట్టడం అన్యాయం.

ప్రధాన కేంద్రం శక్తిని పెంచితే సరిపోదా అని అడిగేవారున్నారు. సరిపోదు. పాత రేడియో కేంద్రాలు వాడే మీడియం వేవ్ తరంగాలు నేలను అంటిపెట్టుకుని సాగినట్లు ఎఫ్‌ఎం, టీవీ తరంగాలు సాగవు, అవి దాదాపు చూపు మేరకే వెళ్తాయి. చదునైన నేలపై 100 మీటర్ల టవరు నుంచి వెలువడే సంకేతం 10 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నాకు సుమారు 54 కిలోమీటర్ల దూరం వరకు నేరుగా అందుతుంది. మధ్యలో గుట్ట లేచిందంటే ఆ లెక్క అక్కడితో చెల్లు. శిఖరం అంచున తరంగం కొంత వంగి కిందికి దిగినా, ఆ నీడలో సంకేతం 20 డెసిబెళ్లు (సంకేత బలంలో తేడాను చెప్పే కొలత) పడిపోవడం మామూలే. అంటే నూరో వంతే మిగులుతుంది. శక్తిని రెట్టింపు చేస్తే తిరిగి వచ్చేది కేవలం 3 డెసిబెళ్లు. 10 కిలోవాట్ల కేంద్రం ఆ లోటును పూడ్చాలంటే 1,000 కిలోవాట్లతో ప్రసారం చేయాలి, అప్పుడు అదే ఫ్రీక్వెన్సీని వాడుకుంటున్న దూరపు కేంద్రాలన్నీ దాని ధాటికి మునిగిపోతాయి. అదే శిఖరం మీద, లోయ కంటికి కనిపించే చోట, కొన్ని పదుల వాట్ల రిలే పెడితే పని జరిగిపోతుంది.

ఇంతటి పని చేసే ఆ కేంద్రం చూడటానికి చిన్న గది, ఒక స్తంభం, అంతే. స్తంభానికి ఒకవైపు ప్రధాన కేంద్రం దిక్కుగా తిరిగిన యాంటెన్నా సంకేతాన్ని అందుకుంటుంది, రెండోవైపు మరో యాంటెన్నా లోయలోకి వదులుతుంది. సాధారణంగా ఫ్రీక్వెన్సీని మార్చి పంపుతారు, ఎందుకంటే అదే ఫ్రీక్వెన్సీలో పంపితే వదిలిన సంకేతమే తిరిగి లోపలికి వచ్చి, స్పీకరు ముందు పెట్టిన మైకులా కూత పెట్టే ప్రమాదం ఉంది. డిజిటల్ ప్రసారంలో మాత్రం ఒకే ఫ్రీక్వెన్సీని పలు కేంద్రాలు పంచుకోవడం సులువైంది. డిజిటల్ టీవీ ప్రమాణాల్లో ఒకటైన డీవీబీ-టీ 8కే విధానంలో, ఆలస్యంగా వచ్చే ప్రతిని భరించేందుకు 224 మైక్రోసెకన్ల వరకు రక్షణ విరామం పెట్టుకోవచ్చు కనుక, ఒకే సంకేతపు రెండు ప్రతులు సుమారు 67 కిలోమీటర్ల వరకు దూరపు తేడాతో వచ్చినా ఒకదాన్నొకటి చెరపవు.

ఉపగ్రహం, మొబైల్ ఇంటర్నెట్ ఉండగా ఈ స్తంభాలెందుకనే వాదనలో కొంత నిజముంది. డిష్ పెట్టుకోగలిగిన ఇంటికి చానెళ్లకు కొదవ ఉండదు. కానీ తుపాను రాత్రి కరెంటు పోయాక డిష్ మూగబోతుంది, మొబైల్ టవరు బ్యాటరీలు కొన్ని గంటల్లో అయిపోతాయి, అందరూ ఒకేసారి ఫోన్లు పట్టుకుంటే నెట్‌వర్క్ ఉక్కిరిబిక్కిరవుతుంది. పదిమంది విన్నా పదివేల మంది విన్నా ప్రసార తరంగానికి భారం పెరగదు. రిలేకు సరిపడా బ్యాటరీలు ఉంటే, రెండు సెల్స్ వేసిన రేడియోకు హెచ్చరిక చేరుతుంది.

అసలు చిక్కు ఇంజనీరింగ్‌లో కాదు, బాధ్యత ఎవరిదన్న దానిలో ఉంది. 2012లో టీవీ ప్రసారాల డిజిటల్ మార్పిడి పూర్తి చేసుకున్న బ్రిటన్‌ను చూడండి. ప్రజాసేవా చానెళ్లను సుమారు 98.5 శాతం ఇళ్లకు చేర్చాలన్న నిబంధన ఉండటంతో అవి వెయ్యికి పైగా చిన్న రిలేలకూ ఎక్కాయి. ఆ నిబంధన లేని వాణిజ్య మల్టీప్లెక్సులు (ఒకే ఫ్రీక్వెన్సీలో పలు చానెళ్లను కలిపి పంపే ప్రసారాలు) పెద్ద కేంద్రాల దగ్గరే ఆగిపోయి 90 శాతం దరిదాపుల్లో నిలిచాయి. కొండలూ అవే, పరికరాలూ అవే. ఇంటికింత ఖర్చని లెక్కగట్టడం మొదలుపెడితే రోడ్డయినా, తపాలా అయినా, మంచినీళ్లయినా లోయ దాకా ఏనాటికీ వెళ్లవు. మారుమూల అనే మాటకు కొలత దూరం కాదు, అక్కడివారి కోసం ఎవరూ సంతకం పెట్టకపోవడమే.

అందుకే కొత్త ప్రధాన కేంద్రానికి అనుమతి ఇచ్చేటప్పుడే దాని నీడలో పడే లోయల పటాన్ని, వాటికి రిలేలు పెట్టే గడువులను జతచేయాలని నియంత్రణ సంస్థలు షరతు విధించాలి. నేల ఎత్తుపల్లాల కొలతలు నేడు అందుబాటులోనే ఉన్నాయి కనుక ఆ పటం గీయడం కష్టమేమీ కాదు. సంకేతం అందని చోట్లను అందులో శాతాలుగా కాకుండా ఊరి పేరుతో, ఇళ్ల సంఖ్యతో రాయాలి.