సాయానికి సున్నా మార్కులు

టొరంటోలోని రయర్సన్ విశ్వవిద్యాలయం (ఇప్పటి టొరంటో మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయం) 2008లో తన మొదటి సంవత్సరం విద్యార్థి ఒకరిని వెళ్లగొట్టకుండా వదిలిపెట్టినందుకు ఊపిరి పీల్చుకోవచ్చు గానీ, ఆ నిర్ణయంలో అంతకు మించి మెచ్చుకోదగినది ఏదీ లేదు. రసాయనశాస్త్రం హోంవర్క్‌ను తోటివారితో చర్చించుకోవడానికి ఫేస్‌బుక్‌లో ఏర్పడిన బృందానికి నిర్వాహకుడిగా ఉన్న పాపానికి ఆ కుర్రవాడిపై 147 అభియోగాలు మోపారు. తన పేరిట ఒకటి, సభ్యులైన 146 మంది పేరిట తలా ఒకటి. అతడు తెచ్చుకున్న బి గ్రేడును ఆచార్యుడు ఎఫ్‌గా మార్చి, బహిష్కరణకు సిఫారసు చేశారు. చివరకు కమిటీ బహిష్కరణను తోసిపుచ్చి, కోర్సులో 10 శాతం విలువ చేసే ఆ హోంవర్క్‌కు సున్నా వేసి, విద్యలో నిజాయితీ గురించి చెప్పే వర్క్‌షాపుకు వెళ్లమని ఆదేశించింది. శిక్ష తగ్గింది, నేరమన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు. మా అభ్యంతరం ఆ మాట మీదనే.

హోంవర్క్ ఎవరికి వారే చేయాలని ఆచార్యుడు ముందుగానే చెప్పారు. సభ్యులు తమ పరిష్కారాలను అక్కడ పెట్టాలని బృందం ఆహ్వానంలో ఉంది. మాట్లాడుకున్నది ఏ మాధ్యమంలోనైనా నియమం ఒక్కటేనని విశ్వవిద్యాలయం వాదించింది. ఈ వాదనలో కొంత బలం ఉందని ఒప్పుకోవడానికి మాకు ఇబ్బంది లేదు. కానీ నియమం ఒక్కటేనన్న మాట మీద ముందుగా నిలబడవలసింది నియమం పెట్టినవారే. వారు నిలబడటం లేదు.

తోటి విద్యార్థికి లెక్క ఎలా చేయాలో చెప్పడం మోసమైతే, విశ్వవిద్యాలయాలే నడుపుతున్న ట్యూటరింగ్, మెంటరింగ్ కార్యక్రమాలను ఏమనాలి? సీనియర్‌ను కూర్చోబెట్టి జూనియర్లకు చెప్పిస్తే అది విద్యార్థి సంక్షేమం అవుతోంది, ప్రవేశాల కరపత్రంలో బొమ్మతో సహా అచ్చవుతోంది. అదే పని విద్యార్థులు తమంతట తాము, అనుమతి అడగకుండా, పైసా పుచ్చుకోకుండా చేసుకుంటే క్రమశిక్షణ కమిటీ ముందుకు వెళుతోంది. ఆ బృందం పేరులో ఉన్న ‘డన్‌జన్’ అన్నది ఇంజినీరింగ్ విద్యార్థులు గుమిగూడి చదువుకునే నేలమాళిగ గదికి వాడుక పేరు. ఆ గదిలో బల్ల చుట్టూ కూర్చుని ఇవే లెక్కల గురించి ఇవే మాటలు మాట్లాడుకున్నందుకు ఎవరిపైనా 147 అభియోగాలు మోపినట్లు మేము వినలేదు. గోడల మధ్య జరిగితే చదువు, తెర మీద కనబడితే నేరం అనే ఈ ద్వంద్వ నీతికి నిజాయితీ అనే పేరు పెట్టడమే మమ్మల్ని ఎక్కువగా బాధిస్తోంది.

రసాయనశాస్త్రం తొలి కోర్సులో విద్యార్థి ఎక్కడ తడబడతాడో తెలిసినవారు ఈ పని చేయరు. ఒక చిన్న లెక్క తీసుకుందాం. 4 గ్రాముల హైడ్రోజన్, 16 గ్రాముల ఆక్సిజన్ కలిసి నీరు ఏర్పడితే ఏది ముందుగా అయిపోతుంది, ఎంత నీరు వస్తుంది? కొత్త విద్యార్థి తటాలున హైడ్రోజన్ అంటాడు, 4 అంకె 16 కన్నా చిన్నది కాబట్టి. పక్కన కూర్చున్న అమ్మాయి గ్రాములు వదిలేసి మోల్స్‌లోకి, అంటే అణువుల సంఖ్యను లెక్కించే కొలతలోకి, మార్చి చూడమంటుంది. మోల్‌కు 2 గ్రాముల చొప్పున హైడ్రోజన్ 2 మోల్స్, మోల్‌కు 32 గ్రాముల చొప్పున ఆక్సిజన్ అర మోల్ అని తేలుతుంది. రెండు హైడ్రోజన్ అణువులకు ఒక ఆక్సిజన్ అణువు చాలు గనుక, అర మోల్ ఆక్సిజన్‌కు ఒక్క మోల్ హైడ్రోజన్ ఖర్చవుతుంది. ముందుగా అయిపోయేది ఆక్సిజన్, వచ్చే నీరు 18 గ్రాములు, మిగిలిపోయే హైడ్రోజన్ 2 గ్రాములు. పాఠ్యపుస్తకం ఈ ముందుగా అయిపోయే పదార్థాన్ని లిమిటింగ్ రీఏజెంట్ అనే మాటతో ఒక పేజీలో ముగిస్తుంది. గ్రాముల్లో తక్కువగా ఉన్నదే ముందు అయిపోతుందన్న భ్రమ ఆ పేజీతో పోదు. ‘నేనూ మొన్నటిదాకా అలాగే అనుకున్నాను’ అని ఎవరో ఒకరు పక్క నుంచి అన్నప్పుడు పోతుంది. వాయు సమీకరణంలో 25 డిగ్రీల సెల్సియస్‌ను 298 కెల్విన్‌గా మార్చడం మరిచి గంటసేపు తప్పు సమాధానంతో కుస్తీ పట్టిన వారికి, ఆ తప్పును అర నిమిషంలో పట్టుకోగలిగేది నిన్న అదే తప్పు చేసినవాడే. పాతికేళ్లుగా పాఠం చెబుతున్న ఆచార్యుడికి ఆ తడబాటు ఎప్పుడో మరపున పడిపోయింది.

ఇది మా సొంత కవిత్వం కాదు. విశ్వవిద్యాలయాలు తామే ప్రయోగం చేసి, తామే ఒప్పుకొని, తామే ప్రచారం చేసిన సంగతి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ తన తరగతిలో ప్రశ్న అడిగి, విద్యార్థులు తమ జవాబును పక్కవారికి వివరించి ఒప్పించే పద్ధతిని 1991లో మొదలుపెట్టారు. 1973లో మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సాస్ సిటీ ప్రాంగణంలో మొదలైన సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ పద్ధతిలో, కష్టమైన కోర్సును అంతకుముందే బాగా పూర్తి చేసిన విద్యార్థి కొత్తవారితో చర్చలు నడుపుతాడు. ఇక న్యూయార్క్ సిటీ కాలేజీలో 1990ల తొలినాళ్లలో, మరే సబ్జెక్టులోనో కాదు, సరిగ్గా ఈ రసాయనశాస్త్రం తొలి కోర్సులోనే, ఆరు నుంచి ఎనిమిది మంది విద్యార్థుల బృందానికి తోటి విద్యార్థే నాయకుడిగా ఉండి లెక్కలు చేయించే పద్ధతి రూపుదిద్దుకుంది. దాని విస్తరణకు అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ప్రజాధనం ఇచ్చింది. ఒకచోట ప్రభుత్వం డబ్బిచ్చి ప్రోత్సహించిన పనికి మరొకచోట సున్నా మార్కులు వేశారంటే, తేడా పనిలో ఉందా, దాని మీద ముద్ర వేసే అధికారి ఎవరన్న దానిలో ఉందా?

అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రీస్‌మన్ అనే గణిత పరిశోధకుడు 1970లలో కాల్క్యులస్ విద్యార్థులను గమనించి చెప్పిన విషయం ఇక్కడ మరీ ముఖ్యం. గట్టెక్కుతున్న చైనా మూలాల విద్యార్థులు సాయంత్రాలు కలిసి కూర్చుని ఒకరి లెక్క ఒకరు సరిచూసుకుంటున్నారు. తప్పుతున్న నల్లజాతి విద్యార్థుల్లో చాలామంది, చదువంటే ఎవరి కష్టం వారిదేనని నమ్మి, గదుల్లో ఒంటరిగా కుస్తీ పడుతున్నారు. కష్టపడటంలో వారికేమీ లోటు లేదు. పక్కన మనిషి లేకపోవడమే లోటు. ఇంట్లో చెప్పేవారు ఉన్నవారికి, ప్రైవేటు ట్యూటరును పెట్టుకోగలిగిన వారికి టొరంటో తీర్పు వల్ల పోయేదేమీ లేదు. జీతమిచ్చి పెట్టుకున్న ట్యూటరు వారి హోంవర్క్‌లో ఎంత చెప్పాడో ఏ కమిటీ విచారించదు. దెబ్బ తగిలేది తోటివారు తప్ప మరో దిక్కు లేనివారికే. కొనుక్కున్న సాయానికి అభ్యంతరం లేదు, ఉచితంగా అందిన సాయానికి మాత్రం అభియోగం. ఇదీ అదే ద్వంద్వ నీతి, మరికాస్త వికృతంగా.

పక్కవాడి పరిష్కారాన్ని అర్థం చేసుకోకుండా దింపుకోవడం తప్పు కాదా అని అడిగేవారికి మా సమాధానం స్పష్టం. తప్పే. కానీ ఈ హోంవర్క్‌లో ఆ అవకాశాన్ని ఆచార్యుడే ముందుగా చాలావరకు మూసివేశారు. కాపీ కొట్టకుండా ఒక్కొక్కరికి కొద్ది తేడాలతో ప్రశ్నలు ఇచ్చారు. అంకెలు వేరైనప్పుడు పక్కవాడి తుది సమాధానం ఎందుకూ పనికిరాదు. పనికొచ్చేది పద్ధతి ఒక్కటే. ఆ పద్ధతి నేర్పడానికేగా కోర్సు పెట్టింది! పైగా హోంవర్క్ వాటా 10 శాతమే. విద్యార్థి నేర్చుకున్నాడో లేదో తేల్చడానికి మిగతా 90 శాతం ఉండనే ఉంది. అనుమానం ఉంటే ఆచార్యుడు ఆ కుర్రవాణ్ని పిలిచి, బోర్డు మీద ఒక లెక్క వేసి చూపమంటే పది నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది. దానికి బదులు సభ్యుల జాబితా తీసి తలలు లెక్కపెట్టారు.

ఇలాంటి తీర్పు ఇతర కళాశాలల్లో ఏ రూపం దాలుస్తుందో ఊహించడం కష్టం కాదు. అంతటా కలిసి చదవడం మానేస్తారా? మానరు. దాచుకుని చదువుతారు. రాసింది చెరిపేస్తారు, పేర్లు మార్చుకుంటారు, తెలిసినవాడు తెలియనట్లు నటిస్తాడు, సందేహం వచ్చినవాడు అడగడానికి జంకుతాడు. బయటికి కనబడేలా సాయం చేసినవాడు దొరికిపోయి, గుట్టుగా దింపుకున్నవాడు దొరబాబులా తిరిగే తరగతిని తయారు చేసి, దానికి విద్యా నిజాయితీ అని పేరు పెడతారా?

కాబట్టి నియమాలు రాసే ఆచార్యులు ముందు తమ ఇల్లు చక్కబెట్టుకోవాలి. సెమిస్టర్ మొదలయ్యే రోజునే ఒక్క కాగితం మీద తేల్చి చెప్పండి: పద్ధతి చర్చించుకోవచ్చా, లేదా? పరిష్కారం చదవవచ్చా, లేదా? తుది జవాబు రాసి ఇవ్వకూడదా? చర్చే వద్దంటే ట్యూటరింగ్ గదులకూ తాళం వేయండి, గ్రూప్ స్టడీ బల్లలు ఎత్తివేయండి, మెంటర్ల పథకాలు రద్దు చేయండి. ఆ ధైర్యం లేకపోతే ఆ కుర్రవాడికి వేసిన సున్నాను కొట్టివేయండి. సభ్యులను ఒక్కొక్కరినీ వేలు మడిచి లెక్కపెట్టి 147 దాకా వెళ్లినవారు, ఆ 146 మందిలో మోల్ అంటే ఏమిటో ఆ బృందం వల్లే అర్థం చేసుకున్నవారు ఎందరని ఒక్కసారైనా అడిగారా? అడగకుండానే నిజాయితీ వర్క్‌షాపుకు పంపించారు, అదీ విద్యార్థిని.