కార్డు సరే, వైద్యుడేడీ?

ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదించిన సార్వత్రిక ఆరోగ్య విధానంలో అంకెలు ఘనంగానే ఉన్నాయి. పేద కుటుంబాలకు ఏడాదికి రూ.25 లక్షల వరకు వైద్యం. అందులో తొలి రూ.2.5 లక్షలు బీమా ద్వారా, ఆపై ఖర్చు ఎన్టీఆర్ వైద్యసేవ (ఆంధ్రలో ఆరోగ్యశ్రీకి ఇప్పటి పేరు) ట్రస్టు ద్వారా. తెలంగాణ కూడా 2023 డిసెంబరులోనే ఆరోగ్యశ్రీ పరిమితిని రూ.10 లక్షలకు పెంచింది. పరిమితి పెంచడంలో రెండు రాష్ట్రాలూ పోటీ పడటం మంచిదే. అయితే కూలికి వెళ్లే కుటుంబంలో ఎవరికైనా జబ్బు చేస్తే, ఆ కార్డు పట్టుకుని నేరుగా కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కరు. ముందు పోయేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ), అక్కడ కాదంటే దగ్గరి పట్టణంలోని సామాజిక ఆరోగ్య కేంద్రానికి. కొత్త విధానం ఈ కేంద్రానికి ఏం చేస్తుందన్న చర్చే ఎక్కడా వినిపించడం లేదు.

నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో 1.2 లక్షల జనాభాకు, గిరిజన ప్రాంతంలో 80 వేలకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. 30 పడకలు, శస్త్రచికిత్స గది, సర్జన్, ఫిజీషియన్, ప్రసూతి వైద్యురాలు, పిల్లల వైద్యుడు, మత్తు వైద్యుడు ఉండాలి. వాస్తవం వేరు. కేంద్ర ప్రభుత్వమే ప్రచురించిన 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకు కావలసిన నిపుణుల్లో దాదాపు 80 శాతం కొరత ఉంది. సర్జన్ల కొరత అంతకంటే ఎక్కువ. పైగా ఈ కొరత విడివిడిగా లెక్కించేది కాదు. ప్రసూతి వైద్యురాలు ఉండి మత్తు వైద్యుడు లేకపోతే సిజేరియన్ జరగదు. ఇద్దరూ ఉండి పిల్లల వైద్యుడు లేకపోతే నెలలు నిండని బిడ్డను చేర్చుకునే ధైర్యం ఎవరూ చేయరు. ఒక్క ఖాళీ మిగిలిన నలుగురి చదువునూ వృథా చేస్తుంది. ఇక మిగిలేది పెద్దాసుపత్రికి రిఫర్ చేస్తూ రాసిచ్చే చీటీ, 108 కోసం నిరీక్షణ.

సంస్కరణ అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆరోగ్యశ్రీ కింద ప్రభుత్వాసుపత్రి చేసిన చికిత్సకూ ప్యాకేజీ సొమ్ము, అంటే ఆ చికిత్సకు ముందే నిర్ణయించిన మొత్తం, వస్తుంది. అందులో కొంత వైద్య బృందానికి ప్రోత్సాహకంగా, మిగతాది ఆసుపత్రి అవసరాలకు వెళుతుంది. ఏర్పాటు బాగుంది, కానీ సర్జన్ లేని చోట చికిత్స లేదు, చికిత్స లేని చోట సొమ్ము లేదు, సొమ్ము లేని ఆసుపత్రి ఎప్పటికీ సర్జన్‌ను నిలుపుకొనేలా తయారు కాదు. రోగి వెంట డబ్బు నడుస్తుందన్న సూత్రం, ఇప్పటికే నిలదొక్కుకున్న ఆసుపత్రికి మరింత ఇచ్చి, చతికిలబడిన దాన్ని అక్కడే వదిలేస్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు ప్రైవేటులో అడ్డూ అదుపూ లేకుండా పెరిగినప్పుడు, వాటితోపాటు మరికొన్ని చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేశారు. సరైన నిర్ణయమే, కానీ ఆపరేషన్ చేసే చేయి లేని ఊళ్లో దాని విలువెంత?

2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో గుండెలను నిలబెట్టింది. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బులకే ప్రధానంగా పుట్టిన పథకం అది. 2018లో వచ్చిన కేంద్ర ఆయుష్మాన్ భారత్ బీమా కూడా అంతే. రక్తపోటు, మధుమేహం ఉన్న మనిషి నెలనెలా మింగే మాత్రలు ఈ లెక్కల్లోకి రావు. ఆ మాత్రలు అందక మూత్రపిండాలు దెబ్బతిన్నాక మాత్రం డయాలసిస్‌కు ప్రభుత్వమే చెల్లిస్తుంది! 2021-22లో దేశ మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు జేబులోంచి పెట్టిందేనని జాతీయ ఆరోగ్య ఖాతాలు చెబుతున్నాయి. అందులో మందుల దుకాణానికి వెళ్లేది తక్కువేమీ కాదు. హైదరాబాద్ బస్తీ దవాఖానాలు, ఆంధ్రలోని గ్రామీణ ఆరోగ్య కేంద్రాలు ఈ లోటును కొంత పూడ్చాయి. వాటి పైమెట్టు విరిగి ఉంటే, అక్కడ కనిపెట్టిన జబ్బుకు మళ్లీ ప్రైవేటే గతి.

చేయాలనుకుంటే చేయలేనిదేమీ లేదు. ఉద్దానంలో కిడ్నీ రోగులు డయాలసిస్ కోసం విశాఖ దాకా పోవాల్సిన దుస్థితి ఉండేది. సోంపేట, కవిటి వంటి సామాజిక ఆరోగ్య కేంద్రాల్లోనే యంత్రాలు పెట్టాక ఆ ప్రయాణం చాలామందికి తప్పింది. కార్డు పరిమితి ఎంత పెంచినా ఆ పని జరిగేది కాదు.

బీమా కంపెనీకి ప్రీమియం ఏటా కట్టాల్సిందే, దాని గడువు తప్పదు. వైద్యుల నియామకానికి మాత్రం ఏ గడువూ ఉండదు. పథకంలో చేరిన ప్రైవేటు (నెట్‌వర్క్) ఆసుపత్రులు బకాయిలంటూ సేవలు ఆపేస్తామంటే ఆగమేఘాల మీద చర్చలు జరుగుతాయి. మన్యంలో మత్తు వైద్యుడి పోస్టు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే ఎవరినీ పిలిచి మాట్లాడరు. ప్రాథమిక వైద్యానికి మూడింట రెండు వంతుల నిధులు ఇవ్వాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. దాన్ని గుర్తుచేసేవారే కరవయ్యారు.

రెండు ప్రభుత్వాలూ ముందుగా ఒక పని చేయాలి. ఏ సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఏ నిపుణుడు ఉన్నాడు, ఏ పోస్టు ఎప్పటి నుంచి ఖాళీ, అక్కడ నెలకు ఎన్ని సిజేరియన్లు జరిగాయి అన్న వివరాలు కేంద్రాల వారీగా బయటపెట్టాలి. మారుమూల పనిచేసేవారికి క్వార్టర్సు, అదనపు వేతనం, పీజీ సీట్లలో ప్రాధాన్యం ఆ జాబితాను బట్టే నిర్ణయించాలి. ప్రీమియానికి కేటాయించే ప్రతి బడ్జెట్‌లోనూ, ఆ పద్దు పక్కనే ఈ వైద్యుల పద్దు కూడా కనిపించాలి.