ఎనభై శాతమే తనదన్న ఆల్బమ్

బ్రిటిష్ గాయని ఎమీ వైన్‌హౌస్ పేరెత్తగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆమె చావు. 2011 జులై 23న లండన్ క్యామ్‌డెన్‌లోని ఇంట్లో 27 ఏళ్లకే కన్నుమూసింది. తర్వాత గుర్తొచ్చేది 2006 నాటి ఆల్బమ్ 'బ్యాక్ టు బ్లాక్', ఆ ఊపులో 2008లో ఒకే రాత్రి గెలుచుకున్న ఐదు గ్రామీలు. మొదటి ఆల్బమ్ 'ఫ్రాంక్' వీటన్నిటి వెనక ఎక్కడో మూలన పడి ఉంటుంది. 2003 అక్టోబర్ 20న అది బ్రిటన్‌లో విడుదలయ్యేనాటికి ఆమెకు 20 ఏళ్లు నిండి నెల దాటిందంతే. రాబోయే గొప్ప ఆల్బమ్‌కి రిహార్సల్ అన్నట్టు దాన్ని వినడం అందరికీ అలవాటైపోయింది. ఇది అన్యాయం. ఆమె రచయితగా ఎంత పదునైనదో తెలియాలంటే 'ఫ్రాంక్' దగ్గరికే రావాలి.

ఉత్తర లండన్‌లోని సౌత్‌గేట్‌లో ఒక యూదు కుటుంబం వాళ్లది. నాన్న టాక్సీ నడిపేవాడు, అమ్మ ఫార్మసిస్టు. నాన్నమ్మ సింథియా కూడా గాయనే. ఇంట్లో అమెరికన్ గాయకుడు సినాత్రా పాటలు మోగుతూ ఉండేవి. ఎమీ టీనేజీలోనే నేషనల్ యూత్ జాజ్ ఆర్కెస్ట్రాతో పాడింది. స్నేహితుడు టైలర్ జేమ్స్ ద్వారా ఆమె డెమో టేపు నిక్ షైమాన్‌స్కీ అనే కుర్ర మేనేజర్‌కు చేరింది. అతను పనిచేసేది సైమన్ ఫుల్లర్ కంపెనీలో. టీవీలో 'పాప్ ఐడల్' పాటల పోటీని పుట్టించింది ఆ ఫుల్లరే. వేరేవాళ్లు రాసిన పాటల్ని కొత్త గొంతులతో పాడించి స్టార్లను తయారుచేస్తున్న రోజుల్లో, తన పాట తానే రాసుకునే పిల్ల అదే గూటికి చేరిందన్నమాట. ఆ తర్వాత ఐలాండ్ రికార్డ్స్‌తో ఒప్పందం కుదిరింది.

ఆమె ఏం రాసిందో కాస్త దగ్గరగా చూడాలి. 'టేక్ ద బాక్స్'లో ప్రేమ తెగిపోయిన అమ్మాయి అతనిచ్చిన వస్తువులన్నీ ఒక పెట్టెలో పడేసి తిరిగిచ్చేస్తుంది. కోపమూ ఏడుపూ ఉన్నాయి, కానీ మనసులో నిలిచిపోయేది సామాన్ల జాబితా. నిరుటి క్రిస్మస్‌కి కొనిచ్చిన ఖరీదైన లోదుస్తులు కూడా అందులో ఉంటాయి, కంపెనీ పేరుతో సహా. ఆ జాబితా చదువుతున్నట్టు పాడటంలోనే ఎంత గాయమైందో తెలిసిపోతుంది. 'అక్టోబర్ సాంగ్' చచ్చిపోయిన పెంపుడు పిట్ట గురించి. ఆ కెనరీ పిట్టకు ఎమీ పెట్టుకున్న పేరు ఆవా. 'చెర్రీ' కొత్త గిటార్ గురించి. మొన్న మొన్న పరిచయమైన గిటారే తనను ప్రియుడికన్నా బాగా అర్థం చేసుకుంటోందని అతని ముఖం మీదే చెప్పేస్తుంది. పిట్టకీ గిటార్‌కీ పేరు పెట్టుకునే వయసు, తల్లిదండ్రులు విడిపోయిన గాయాన్ని 'వాట్ ఈజ్ ఇట్ అబౌట్ మెన్'లో అంత నిక్కచ్చిగా తవ్వుకునే తెలివి, రెండూ ఒక్క మనిషిలోనే ఉన్నాయి. 'ఫ్రాంక్' అంటే ఉన్నదున్నట్టు మాట్లాడటం. ఆ పేరు ఈ ఆల్బమ్‌కి అతికినట్టు సరిపోయింది.

అన్నీ మెచ్చుకోలేం. 'స్ట్రాంగర్ దాన్ మీ'లో తనకన్నా ఏడేళ్లు పెద్దవాడైన ప్రియుడి మెతకదనాన్ని దెప్పిపొడుస్తూ స్వలింగ సంపర్కుల ప్రస్తావన తెస్తుంది. ఇవాళ వింటుంటే ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇంతకీ, ఈ ఆల్బమ్‌లో తనకు ఎనభై శాతమే సొంతమనిపిస్తుందని ఎమీయే చెప్పుకుంది. తనకు నచ్చని కొన్ని పాటల్నీ, మిక్సుల్నీ రికార్డు కంపెనీ ఇరికించిందని ఆమె కోపం. వింటే ఆ కోపం నిజమేననిపిస్తుంది. మధ్యలో కొన్ని పాటలు మరీ నున్నగా, హోటల్ లాబీలో నేపథ్య సంగీతంలా సాగిపోతాయి. ఆల్బమ్ నిడివీ ఎక్కువే. పత్రికలు కూడా ఆమెను అప్పట్లో మెత్తటి జాజ్-పాప్ పాడే జేమీ కల్లమ్, కేటీ మెలువాలతో కలిపి ఒకే గాటన కట్టేశాయి. నిజానికి ఆమె చెవి వేరు. చాలా పాటలకు నిర్మాత మయామీలో ఉన్న సలామ్ రెమీ, హిప్‌హాప్ మనిషి. ర్యాపర్ నాస్ కోసం తాను చేసిన బీట్‌నే 'ఇన్ మై బెడ్' కింద మళ్లీ పరిచాడు. ఆ బీట్ గడియారంలా కచ్చితంగా కొడుతుంటుంది, ఎమీ జాజ్ గాయనిలా దానికి కాస్త వెనకబడి తీరిగ్గా పదాలు జారవిడుస్తుంది. ఆ చిన్న ఎడంలోనే ఉంది ఈ ఆల్బమ్ మజా అంతా.

'స్ట్రాంగర్ దాన్ మీ' మొదటి సింగిల్‌గా వచ్చి బ్రిటన్ చార్టులో 71వ స్థానం దాటలేదు. అదే పాటకు 2004లో ఐవర్ నొవెల్లో అవార్డు వచ్చింది. అది పాట రాసేవాళ్లకు, బాణీ కట్టేవాళ్లకు ఇచ్చే అవార్డు. సినిమా పాటలతో పెరిగిన తెలుగు శ్రోతలకు సాహిత్యం ఒకరిది, బాణీ ఇంకొకరిది, గొంతు మరొకరిది. అందుకే కాబోలు, ఎమీ గురించి మాట్లాడేటప్పుడు మనమూ గొంతు దగ్గరే ఆగిపోతాం. బ్రిటన్‌లో ఆ రంగంవాళ్లు మాత్రం ముందు గుర్తించింది ఆమె రాతనే. ఆల్బమ్ చార్టులో 13వ స్థానం దాకా వెళ్లింది, బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కిచ్చే మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితాలోనూ నిలిచింది.

'ఫ్రాంక్' వచ్చేనాటికి లండన్‌లో, తర్వాత పెద్ద పాప్ గాయని అయిన అడెల్‌కు 15 ఏళ్లు. తాను గిటార్ పట్టుకోవడానికి ఆ ఆల్బమే కారణమని తర్వాత కచేరీలో అందరి ముందూ చెప్పింది. 2008లో వచ్చిన ఆమె మొదటి ఆల్బమ్ '19' తెరిస్తే ముందు వినిపించేది 'డేడ్రీమర్'. ఆ పాటలో ఉన్నది ఒక గొంతు, ఒక గిటార్.