పగడాల తొట్టి గారి దివ్యసముఖమునకు ఒక విన్నపం

మహారాజశ్రీ పగడాల తొట్టి గారికి, విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో తమరు విడిది చేసిన ఇంటికి కాగితాల మీద మాత్రమే యజమానిగా మిగిలిన సేవకుడు నమస్కరించి రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గానీ, మన విషయంలో కుశలం ఒక పక్షానికే పరిమితమైంది. తమ ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, ఉప్పదనం వేయికి 35 పాళ్లు, క్షారత 8 దగ్గర నిలకడగా ఉన్నట్టు నిన్న రాత్రే పరీక్షించి పుస్తకంలో రాసుకున్నాను. నా రక్తపోటు చూయించుకుని ఏడాదిన్నర అయింది. దానికి పుస్తకం లేదు.

బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని చూసి వచ్చిన ఒక సాయంత్రం, ఈ చేపలేవో మన ఇంట్లోనే ఉంటే టికెట్టు కొనే పని ఉండదు కదా అని నాకు తోచిన మాట నిజం. పైగా రెండడుగుల తొట్టి, వంద లీటర్ల నీళ్లు, చిన్నది కాబట్టి చాకిరీ కూడా చిన్నదే అనుకున్నాను. ఆ తప్పుకు శిక్ష అనుభవిస్తూనే ఉన్నాను కనుక దాని గురించి ఎక్కువ చెప్పను.

ముందుగా ఉప్పు సంగతి విన్నవించుకుంటాను. మా బాల్కనీలో నిలబడితే బంగాళాఖాతం కనిపిస్తుంది. దాని గాలి మా కిటికీ ఊచలను తినేసింది, స్కూటరు సైలెన్సరును తినేసింది, మా ఆవిడ కుట్టుమిషనుకు తుప్పు పట్టించింది. ఇంత ఉప్పు అడగకుండానే ఇంట్లోకి వచ్చి పడుతుంటే, తమ కోసం నేను విదేశాల్లో తయారై సముద్రం దాటి వచ్చిన ఉప్పును బకెట్ల లెక్కన కొని, వంటింటి కాటాలో లీటరుకు 35 గ్రాములకు కాస్త పైగా తూచి, ఆర్.ఓ. నీళ్లలో పోసి, పంపు పెట్టి రాత్రంతా తిప్పి, తెల్లవారేసరికి పది లీటర్ల సముద్రాన్ని తయారు చేస్తున్నాను. 1930లో ఈ దేశంలో జనం సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి జైళ్లకు వెళ్లారు. నేను ఉప్పు నుంచి సముద్రపు నీరు తీస్తున్నాను, అయినా నన్ను పట్టుకుపోయే నాథుడు లేడు.

ఎదురుగా ఉన్న సముద్రాన్నే తమకు సమర్పించే ప్రయత్నం నేను చేయలేదని తమరు అనలేరు. మొదటి నెలలో ఒక తెల్లవారుజామున రెండు ఇరవై లీటర్ల క్యాన్లు స్కూటరుకు కట్టుకుని పెదజాలారిపేట ఒడ్డుకు వెళ్లాను. వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన నన్ను చాలాసేపు చూసి, "ఏటి బాబూ, ఉప్పు కాస్తావేటి?" అని అడిగాడు. చేపల కోసమని చెప్పాను. "సేపకి సంద్రం నీల్లు కావాలంటే సేపని సంద్రంలోనే ఉంచొచ్చు గదేటి" అన్నాడు. ఆ మాటకు సమాధానం నా దగ్గర అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. ఆ నలభై లీటర్లు ఇంటికి తెచ్చి గొట్టంలాంటి కొలత పరికరంలో ఒక చుక్క వేసి కిటికీ వెలుతురులో చూస్తే, నీలానికీ తెలుపుకీ మధ్య గీత 35 దగ్గర కాకుండా ఎక్కడో కిందనే ఆగిపోయింది. గంగ, మహానది, గోదావరి వానాకాలమంతా మోసుకొచ్చే మంచినీరు మన సముద్రపు పైనీటిని పలచబరుస్తుందనీ, ఆ నీటితో వచ్చే మట్టి పగడాలకు గిట్టదనీ, అందుకే దేశంలో తమ బంధువర్గం చాలావరకు మన్నార్, కచ్ సింధుశాఖల్లోనూ లక్షద్వీప్, అండమాన్‌లలోనూ స్థిరపడి మన తీరాన్ని చిన్నచూపు చూసిందనీ తర్వాత చదివి తెలుసుకున్నాను. అంటే, తరతరాలుగా మా ఊరు చూసుకుని మురిసిపోతున్న సముద్రం తమ స్థాయికి సరిపోలేదన్నమాట.

ఇక మంచినీటి విషయంలో తమ పట్టింపు పెళ్లివారి పట్టింపును మించిపోయింది. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది, ఫాస్ఫేటు ఉంటుంది, పాత ఇత్తడి కుళాయిల నుంచి దిగే రాగి కణం నత్తలను చంపుతుంది కనుక తమకు ఆర్.ఓ. నీరు, దానిపై మరో వడపోత, కరిగిన మలినాలు మీటరులో సున్నా. ఆ ఒక్క లీటరు తయారయ్యేలోగా రెండు మూడు లీటర్లు వృథాగా పోతాయి కాబట్టి మా ఇల్లు ఇప్పుడు రోజుకు రెండుసార్లు తడిగుడ్డ పెట్టించుకుంటూ తళతళలాడుతోంది. ఆవిరయ్యేది నీరే తప్ప ఉప్పు కాదు కదా, తమ వంద లీటర్లలో మూడు లీటర్లు ఎగిరిపోతే 35 కాస్తా 36 దాటుతుంది. అంతే నీరు ఎగిరిపోయినా బంగాళాఖాతానికి తెలియను కూడా తెలియదు. తమరు మాత్రం మంచం పడతారు. ఒక నత్త చచ్చి రాళ్ల సందులో ఉండిపోయినా అంతే.

తమ గృహప్రవేశాన్ని మా బంధువులు ఇప్పటికీ మరచిపోలేదు. రాళ్లు, ఇసుక, నీళ్లు, లైట్లు అన్నీ పెట్టి, ఫిషింగ్ హార్బరులో కొన్న రొయ్యల్లో ఒకటి తీసి ఇసుక మీద పడేసి కుళ్లనిచ్చాను. "ఇగురు పెట్టుకునే రొయ్యని కుళ్లబెడతావేట్రా!" అని మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. రొయ్య కుళ్లితే అమ్మోనియా పుడుతుందనీ, ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, మరొక రకం దాన్ని నైట్రేటుగా మారుస్తాయనీ, మొదటి రెండూ సున్నాకు దిగేదాకా చేపను వదలకూడదనీ, దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందనీ ఎంత వివరించినా ఆవిడ వినలేదు. ఐదో వారంలో మా బావమరిది వచ్చి ఖాళీ తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, "ఏం పెంచుతున్నారు బావా?" అని అడిగాడు. బ్యాక్టీరియా అన్నాను. "మా ఇంట్లో సింకు కింద ఊరికే పెరుగుతుంది బావా" అన్నాడు.

తమ ఆంతరంగికులలో మెత్తని పగడమైన లెదర్ కోరల్ గారి గురించి ప్రత్యేకంగా ఫిర్యాదు చేయక తప్పదు. చూడడానికి గోధుమరంగు పుట్టగొడుగులా, తల నిండా సన్నని వేళ్లు ఆడిస్తూ ముచ్చటగానే ఉంటారు. గత నెలలో ఒక సోమవారం వారు ఆ వేళ్లన్నీ లోపలికి లాక్కుని, ఒళ్లంతా మైనం పూసినట్టు మెరుస్తూ ముడుచుకుపోయారు. ఆ వారమంతా ఆఫీసు నుంచి రాగానే, క్షారత తేడా కొట్టిందేమోనని ఐదు మిల్లీలీటర్ల నీరు సీసాలోకి తీసుకుని, చుక్కచుక్కా వేసి కుదుపుతూ, నీలిరంగు ఎన్నో చుక్కకు పసుపుగా మారుతుందో లెక్కపెట్టాను. ప్రతిరోజూ ఎనిమిదో చుక్కకే మారింది. నీళ్లు మార్చాను. లైటు తగ్గించాను. అలలు పుట్టించే వేవ్‌మేకరును పక్కకు తిప్పాను. క్లౌన్ చేపల జంటలో ఆవిడ వారిని విసిగిస్తోందేమోనని కాపలా కూడా కాశాను. ఆ జాతిలో అందరూ మగవారుగానే పుడతారనీ, జంటలో పెద్దది ఆడదై పెత్తనం చేస్తుందనీ తెలిసినప్పటి నుంచి మా ఆవిడకు ఆ చేప ఒక్కటంటేనే గౌరవం. ఎనిమిదో రోజు ఉదయం ఆ మైనపు పొర చిరిగి కుబుసంలా నీటివాలుకు కొట్టుకుపోయింది, మధ్యాహ్నానికి వారు మునుపటికంటే వెడల్పుగా విచ్చుకున్నారు. ఒంటి మీద చేరిన నాచునూ మడ్డినీ వదిలించుకోవడానికి ఈ జాతి అప్పుడప్పుడూ చేసే పనేనట! అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడైనా ఏం కావాలో నోరు తెరిచి చెబుతాడు.

వేసవి గురించి క్లుప్తంగా. మే నెలలో ఫ్యాను గాలితో తమను చల్లబరచబోతే, మన ఊరి ఉక్కలో నీరు ఆవిరి కావడానికే బద్ధకించి తొట్టి 30 దాటింది. ఇంకా వేడెక్కితే పగడాల ఒంట్లో కాపురముండి వాటికి తిండి పెట్టే సూక్ష్మ శైవలాలు వెళ్లిపోతాయనీ, ఒళ్లు తెల్లబడి పోతుందనీ భయపడి నీటిని చల్లబరిచే చిల్లర్ కొన్నాను. అది తమ వేడినంతా పీల్చి మా హాల్లోకి వదులుతుంది. తమరు 26లో ఉంటారు, మేము దాని ముందు కూర్చుని విసురుకుంటాము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరు రోజుల తరబడి చీకట్లో ఉన్నప్పుడు తమరు మా ఇంట లేకపోవడం తమ అదృష్టమో నాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తమ పరువు కోసం నేను చట్టాన్ని కూడా చదివాను. ఒక దుకాణదారు గొంతు తగ్గించి, "రాతి పగడం లోపలుంది సార్" అన్నప్పుడు, 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో, పులి ఉన్న జాబితాలోనే, దిబ్బలు కట్టే రాతి పగడాలన్నింటినీ 2001లో చేర్చారని గుర్తుచేసి వచ్చేశాను. హాల్లో పులిని కట్టేసుకునే తాహతు నాకు లేదు. అందుకే తమ కొలువులో లెదర్ గారు, మష్రూమ్ పగడాలు, బొత్తాల్లాంటి జోయాంథిడ్‌లు మాత్రమే ఉన్నారు. ఆ బొత్తాల జాతిలో కొన్నింటి ఒంట్లో ప్రాణం తీసే పాలీటాక్సిన్ ఉంటుందనీ, అందుకే నేను చేతొడుగులు లేకుండా వాటిని ముట్టననీ, ఆ రాయి మీద వేడినీళ్లు పొయ్యననీ మా అమ్మకు ఇంతవరకూ చెప్పలేదు. దయచేసి తమరూ చెప్పవద్దు. ఆవిడ నమ్మకం వేరే ఉంది. కుజదోషానికి పగడపు ఉంగరం పెట్టుకోమంటే నేను తొట్టెడు పగడాలు పెట్టుకున్నాననీ, అందుకే కుజుడు ఇంటికే వచ్చి కూర్చున్నాడనీ అంటుంది. ఉంగరంలోని ఎర్రపగడం రాతి పగడాలకంటే మన లెదర్ గారికే దగ్గరి చుట్టమని చెబితే, అయితే ఆయన్నే వేలికి పెట్టుకోమంది.

చివరగా నా కోరిక ఒక్కటే. పిల్లలకు సంక్రాంతి సెలవుల్లో రెండు రోజులు అరకు తీసుకువెళ్తానని మాట ఇచ్చాను. కింది వాటా వారి అబ్బాయికి గిన్నెడు మంచినీరు ఎప్పుడు పొయ్యాలో, చిటికెడు మేత ఎంతో, ఏ స్విచ్చి ఎప్పటికీ ముట్టకూడదో నాలుగు పేజీలు రాసి ఇచ్చాను. పరీక్షకు కూడా అంత చదవలేదు అంకుల్ అన్నాడు. ఆ రెండు రోజులూ లెదర్ గారు అలగకుండా, నత్తలు ప్రాణాలు నిలుపుకునేలా తమరు చూడవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ ఉప్పు తమకే పోసే సేవకుడు.

తా.క.: ఈ ఉత్తరం ముగిస్తుండగానే కరెంటు పోయింది. తమ గాలిపంపు దాని బ్యాటరీ మీద అప్పుడే బుడబుడమని మొదలుపెట్టింది. మా ఇన్వర్టరు బ్యాటరీ పాడై మూడు నెలలైంది, డబ్బులు చిల్లర్‌కు అయిపోయాయి. అందరం తమ గాజు పక్కనే చాప వేసుకుని కూర్చున్నాం, ఇల్లంతటిలో అక్కడే కాస్త చల్లగా ఉంది.