సొరుగులోని 65 వాట్ల సింహం

పాత వీడియో గేములు ఆడుకుందామని రాస్‌ప్‌బెరీ పై బోర్డు, అంటే అరచేతిలో పట్టే బుల్లి కంప్యూటర్, కొంటారు. పాత గేమ్ కన్సోల్ ఆకారంలో ముచ్చటైన బుల్లి పెట్టె కొంటారు. కంట్రోలర్లు, వేడి లాగే హీట్‌సింకు, ఫ్యాను, మెమరీ కార్డు నెల రోజులు రివ్యూలు చూసి మరీ ఏరతారు. పవర్ సప్లై దగ్గరికొచ్చేసరికి ఇంటికో మహానుభావుడు గొంతు సవరించుకుంటాడు: "సొరుగులో 65 వాట్ల ఛార్జర్ ఉందిగా, దీనికి అదే ఎక్కువ!"

ఎక్కువే మరి. కాకపోతే ఆ ఛార్జర్ వీపు మీద చీమ తలంత అక్షరాల్లో ఇంకో సంగతి ఉంటుంది: 20 వోల్టులకైతే 3.25 యాంపులు, 5 వోల్టులకైతే 3 యాంపులే. రాస్‌ప్‌బెరీ పై బోర్డుకి 5 వోల్టులు తప్ప మరోటి పడదు. అంటే మన సింహం దాని ముందు 15 వాట్ల పిల్లి. పాత మోడల్ 'పై 4' ఆ మాత్రంతో సర్దుకుంటుంది. దాని తర్వాతి మోడల్ 'పై 5'కి కావలసింది 5.1 వోల్టుల దగ్గర 5 యాంపులు. అవి దొరకవని తెలియగానే యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీయాంపులని రేషన్ పెట్టేస్తుంది, దొరికితే 1.6 యాంపులు ఇచ్చేది. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టుకోను తావు లేదు. 80 వాట్ల ఫోన్ ఛార్జర్లలో కొన్నిటి మర్యాద ఇంకా ఘనం. సొంత కంపెనీ ఫోనొస్తే పంచభక్ష్య పరమాన్నాలు; పరాయివాళ్లొస్తే 5 వోల్టులు, 2 యాంపులు, దయచేయండి.

ఇక కేబుల్. లోపలి కరెంటు తీగలు సన్నటి 28 గేజివైతే మీటరు కేబుల్‌కి రానూపోనూ దాదాపు 0.43 ఓములు. 2 యాంపులు లాగితే 0.85 వోల్టు దారిలోనే హారతి. బయల్దేరిన 5 వోల్టులు 4.15గా చేరతాయి. 4.63 దగ్గరే బోర్డు కేకలు మొదలుపెడుతుంది. రాస్‌ప్‌బెరీ పై కంపెనీ సొంత సప్లైలో 5కి బదులు 5.1 వోల్టులు ఉండటం, ఊడదీయలేని లావు కేబుల్ ఉండటం ఊరికే కాదు.

ఆ కేక తెర మీద పసుపుపచ్చ మెరుపు బొమ్మగా వస్తుంది. చూడవలసిన వైభోగం అక్కడుంది. గేమ్‌లో చివరి బాసు, అంటే పెద్ద విలన్, రాగానే ప్రాసెసర్‌కి పని పెరిగి, వోల్టేజీ జారి, కుడివైపు మూలన మెరుపు మెరుస్తుంది. ఆడేవాడు దాన్ని బోనస్ అనుకుని అందుకోవాలని ఎగురుతాడు. అందదు. మళ్లీ ఎగురుతాడు. ఈలోగా బోర్డు వేగం తగ్గించుకుంటుంది, సంగీతం గుటకలు మింగుతుంది, బాసు కూడా జాలిపడి మెల్లగా నడుస్తాడు. వెనక సోఫాలో నిపుణుల కమిటీ: ఒకరు ఫ్యాను చిన్నదంటారు, ఒకరు గేమ్ ఫైలు మంచిది కాదంటారు, ఇంకొకరు ఓవర్‌క్లాక్ చేద్దామంటారు, అంటే ప్రాసెసర్‌ని మామూలు కంటే వేగంగా పరిగెత్తిద్దామని. చేస్తారు. ఇప్పుడది ఇంకో అర యాంపు అడుగుతుంది. పెట్టె ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. వీరుడు ఇంకా గాల్లోనే ఉన్నాడు.

ఇంతవరకూ నవ్వొచ్చు. "పదివేల గేములు" అని స్టిక్కరేసి రెడీమేడ్ పెట్టెలు అమ్మేవాళ్లలో కొందరు చేసేదానికి మాత్రం నవ్వు రాదు. మంచి సప్లై ఇవ్వరు; బోర్డు సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లో 'avoid_warnings=1' (హెచ్చరికలు వద్దు) అని ఒక్క లైను రాసి మెరుపు బొమ్మ నోరు నొక్కేస్తారు. రోగం ఉంది, థర్మామీటరు విరగ్గొట్టారు! పాత గేములు ఆడించే ఎమ్యులేటర్ ప్రోగ్రాముల్లో చాలావి గేమ్ లోపలి సేవ్‌ని కార్డు మీదికి రాసేది బయటికొచ్చేటప్పుడే. మధ్యలో రీబూటయితే పిల్లాడు రెండు గంటలు ఆడిందంతా గోవిందా. రాస్తుండగా కరెంటు జారితే కార్డే పాడు. అప్పుడు సిగ్గులేకుండా "కార్డు నాసిరకం సార్, కొత్తది కొనండి" అంటారు. నాసిరకం కార్డు కాదురా!

కొన్నవాళ్లు ఆ లైను తీసేయండి. బరువైన గేము అరగంట ఆడి, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్లో 'vcgencmd get_throttled' కొట్టండి. 0x0 వస్తే క్షేమం. 0x50000 అంటే ఆన్ చేశాక ఎప్పుడో వోల్టేజీ జారింది, 0x50005 అంటే ఇప్పుడూ జారుతోంది. ముందు కేబుల్ మార్చండి, తర్వాత సప్లై.

ఆ 65 వాట్ల సింహాన్ని ల్యాప్‌టాప్‌కి అప్పగించండి. 20 వోల్టులు అడిగి పుచ్చుకోవడం దానికి తెలుసు.